లోడు పడితేనే

22 ఏప్రిల్ 2024, సోమవారం, కాచిగూడ

రాత్రి 8:40కి మళ్లీ రీస్టార్ట్ అయింది. తెర నల్లబడింది, ఫ్యాన్ల చప్పుడు ఒక్క క్షణం తగ్గి మళ్లీ లేచింది, మదర్‌బోర్డు లోగో వచ్చి కూర్చుంది. ఎర్రర్ మెసేజ్ ఏదీ లేదు. గదిలో ట్యూబ్‌లైటు వెలుగుతూనే ఉంది, కూలర్ తిరుగుతూనే ఉంది. కరెంటు పోలేదు.

సిమ్యులేషన్ మొత్తం పోదు. దాన్ని నడిపే గ్రోమాక్స్ సాఫ్ట్‌వేర్ ప్రతి 15 నిమిషాలకు ఒక చెక్‌పాయింట్ రాసుకుంటుంది, అక్కణ్నుంచి మళ్లీ ఎత్తుకోవచ్చు. కానీ నేను నిద్రపోయాక ఆగితే రాత్రంతా మెషీన్ ఊరికే కూర్చుంటుంది. ఒక ప్రోటీన్, చుట్టూ వేల నీటి అణువులు, దాని గుంటలోకి వెళ్లాల్సిన మా మందు అణువు. 500 నానోసెకన్ల కదలిక చూడాలంటే ఈ డబ్బా రోజుల తరబడి ఆగకుండా నడవాలి. డిపార్ట్‌మెంట్ మెషీన్‌కు పెద్ద క్యూ. జూన్‌లో మా గైడ్ మేడమ్‌కు గ్రాఫులు చూపించాలి.

ఈ రోజు నుంచి ప్రతి రీస్టార్టూ ఈ పుస్తకంలోకి ఎక్కాలి. టైమ్ ఎంత, ఏం నడుస్తోంది, టెంపరేచర్ ఎంత, ఇంట్లో ఇంకేం ఆన్‌లో ఉంది.

మెషీన్ సంగతి కూడా రాసి పెట్టుకుంటాను. ప్రాసెసర్ ఐ5-12400, జీపీయూ ఆర్‌టీఎక్స్ 3060. ఎస్ఎంపీఎస్, అంటే పవర్ సప్లై, 450 వాట్లది, అన్న పాత కంప్యూటర్‌లోంచి వచ్చింది. గోడకూ దీనికీ మధ్య 600 వీఏ యూపీఎస్.

24 ఏప్రిల్, బుధవారం

ఎవరికి చెప్పినా మొదటి మాట ఒకటే: హీటెక్కుతోంది. ఏప్రిల్ నెల హైదరాబాద్‌లో ఆ మాట అనడం తేలిక. మధ్యాహ్నం గదిలో 37 డిగ్రీలుంది.

అందుకే సెన్సర్ల రీడింగు సెకనుకొకసారి ఫైల్లోకి వెళ్లేలా పెట్టాను. నిన్న రాత్రి పడిపోయే ముందు చివరి లైను: ప్రాసెసర్ 72, జీపీయూ 74. ఇంటెల్ ప్రాసెసర్ 100 డిగ్రీల దగ్గరికి వెళ్తే ముందు తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. అది కూడా చాలకపోతే మెషీన్ ఆరిపోతుంది, ఆరిపోయే ఉంటుంది. మాది వేగం తగ్గలేదు, ఆరిపోయి ఉండనూ లేదు. వేడి కాదు. ఈ మాట గట్టిగా రాసుకుంటున్నాను, ఎందుకంటే రేపు ఇంకొకరు థర్మల్ పేస్ట్ మార్చమంటారు.

సిస్టమ్ లాగ్‌లో చివరి లైను మామూలు లైనే. కెర్నల్ పానిక్ లేదు, షట్‌డౌన్ మొదలైన గుర్తు లేదు. వాక్యం మధ్యలో కలం లాగేసుకున్నట్టు ఆగిపోయింది. విండోస్ వాడేవాళ్లకు ఇదే చోట ఈవెంట్ 41, కెర్నల్-పవర్ అని కనిపిస్తుంది. దాన్ని చూసి పవర్ ఫాల్ట్ అని తేల్చేస్తుంటారు. ఆ ఈవెంట్ చెప్పేది, కిందటిసారి సరిగ్గా మూతపడలేదు అని మాత్రమే. కారణం దాంట్లో ఉండదు.

తెలిసిన షాపతనికి వాట్సాప్‌లో వివరం పంపాను. బోర్డు పోయింది మేడమ్, మార్చేద్దాం అని వెంటనే జవాబు. మెషీన్ చూడకుండా, ఒక్క ప్రశ్న అడగకుండా. ఫెలోషిప్ డబ్బు ఎప్పుడు పడుతుందో తెలియని రీసెర్చ్ స్కాలర్‌తో ఇంత తేలిగ్గా ఎలా అనగలరు? బోర్డు మార్చాక కూడా రీస్టార్ట్ అయితే అప్పుడు జీపీయూ పోయిందంటారు.

27 ఏప్రిల్, శనివారం

నిన్న రాత్రి మెమ్‌టెస్ట్ పెట్టి పడుకున్నాను. పొద్దున్న చూస్తే ఒక్క ఎర్రర్ లేదు. ర్యామ్ బాగుంది.

ఇవాళ భాగాలను విడదీసి లోడు పెట్టాను. ప్రాసెసర్ ఒక్కదాన్నే నూరు శాతం నడిపాను, ఏమీ కాలేదు. జీపీయూ ఒక్కదాన్నే నడిపాను, ఏమీ కాలేదు. రెండూ కలిపి మధ్యాహ్నమంతా నడిపినా ఏమీ కాలేదు. చీకటి పడ్డాక అదే రెండింటి పరీక్ష పెట్టాను. 8:15కి పడిపోయింది.

పేజీలు వెనక్కి తిప్పి టైమ్ కాలమ్ చూశాను. అన్నీ సాయంత్రం ఏడు దాటాకే. మెషీన్‌కు గడియారం తెలియదు. గడియారం తెలిసినది కరెంటు: వీధి వీధంతా ఏసీలు, కూలర్లు వేసే వేళ.

30 ఏప్రిల్, మంగళవారం

ఇవాళ్టి రెండు పరీక్షలు నాకు నచ్చాయి.

మొదటిది బయోస్‌లో. కరెంటు పోయి వస్తే ఏం చేయాలి అనే సెట్టింగును ‘ఆఫ్‌లోనే ఉండు’ అని మార్చాను. వైరు పీకి మళ్లీ పెట్టి చూశాను, చెప్పినట్టే ఆఫ్‌లో ఉండిపోయింది. సాయంత్రం లోడు పెట్టాను. పడిపోయింది, తనంతట తానే లేచింది. అంటే మెషీన్ దృష్టిలో కరెంటు పూర్తిగా పోలేదు, స్టాండ్‌బై 5 వోల్టులు బతికే ఉన్నాయి. పోయింది క్షణంలో ఏదో వంతు.

అలాంటి చోట మాట్లాడేది ఒక బూడిదరంగు తీగ. ఎస్ఎంపీఎస్ నుంచి బోర్డుకు వెళ్లే తీగల్లో అది ‘పవర్ బాగుంది’ అని చెప్పే తీగ. 12, 5, 3.3 వోల్టులు హద్దుల్లో ఉన్నంతసేపు దాని మీద 5 వోల్టులుంటాయి. 12 వోల్టులకు హద్దు ఐదు శాతం: 11.4 నుంచి 12.6. సరఫరా నిలవదని ఎస్ఎంపీఎస్‌కు తోచగానే ఆ తీగ కిందికి దిగుతుంది, బోర్డు ఆ క్షణమే అన్నీ ఆపి మొదటికొస్తుంది. ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఒక్క లైను రాసుకునే వ్యవధి ఉండదు. మన లాగ్‌లో ఏమీ లేకపోవడమే సాక్ష్యం.

రెండోది జీపీయూ పవర్ తగ్గించడం. కార్డు 170 వాట్లది, దాన్ని 100కు కట్టేశాను. వేగం తగ్గింది కానీ సాయంత్రమంతా నిలబడింది. 170కి వదిలాక పడిపోయింది. మళ్లీ 100కు తెస్తే నిలబడింది.

జీపీయూలు మిల్లీసెకన్ల పాటు తమ అంకె కంటే చాలా ఎక్కువ లాగుతాయి. 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణం ఇందుకోసమే పెద్ద ఎస్ఎంపీఎస్‌లు తమ సామర్థ్యానికి రెట్టింపు వరకూ క్షణకాలం తట్టుకోవాలంది. మాది అంతకంటే చాలా పాతది. అదే కారణం అనుకోవచ్చు. కానీ మధ్యాహ్నం ఆ కుదుపులు లేవా? పగలు నిలబడిన ఎస్ఎంపీఎస్ రాత్రి ఎందుకు నిలబడదు? ఈ ప్రశ్నకు జవాబు రాకుండా కొత్తది కొనను.

5 మే, ఆదివారం, తార్నాక

నిన్న సాయంత్రం డబ్బాను ఆటోలో ఒళ్లో పెట్టుకుని చిన్నాయన ఇంటికి తెచ్చాను. నల్లకుంట, విద్యానగర్, అడిక్‌మెట్ ఫ్లైఓవర్ దాటి ఉస్మానియా క్యాంపస్‌లోంచి. ఎండ తగ్గాక ఆర్ట్స్ కాలేజీ ముందు నుంచి వెళ్లడం నాకెప్పుడూ ఇష్టమే. 1939లో తెరిచిన ఆ గ్రానైట్ గోడలు ఆ వేళకు గులాబీ రంగు తిరుగుతాయి.

చిన్నాయన ఈసీఐఎల్‌లో పనిచేసి రిటైరయ్యాడు. 1967లో ఏ.ఎస్. రావు గారు మొదలుపెట్టిన సంస్థ అది. 1969లోనే అక్కడ టీడీసీ-12 అనే కంప్యూటర్ తయారైంది. చిన్నాయన చేరేనాటికి దాని తర్వాతి టీడీసీ-316లు ఉన్నాయట. మెషీన్ పక్కనే లాగ్‌బుక్ ఉండేదని, ఏ బోర్డు తీసి ఏది పెట్టారో టైమ్‌తో సహా రాయకుండా డ్యూటీ దిగనిచ్చేవాళ్లు కాదని చెప్పాడు. నా పుస్తకం తీసుకుని మొదటి పేజీ నుంచి చదివాడు. చదువుతున్నంతసేపు నేను పరీక్ష రాసి నిలబడ్డట్టే ఉంది.

రాత్రి నుంచి పూర్తి లోడు మీద నడుస్తోంది. 170 వాట్లు, ప్రాసెసర్ నూరు శాతం. ఇప్పుడు మధ్యాహ్నం రెండు. ఒక్కసారి కూడా పడలేదు. ఇక్కడ సాకెట్‌లో 228 వోల్టులు.

“అయితే మా ఇంటి కరెంటే చిన్నాయనా,” అన్నాను.

“ఆగు బిడ్డా. నువ్వు ఇల్లు మార్చినవ్, యూపీఎస్ అక్కడ్నే వదిలి వచ్చినవ్. రెండు మార్చి ఒకటే పేరు చెప్తవా?”

యూపీఎస్ బరువని తేలేదు. ఆయన అన్నది నిజం. ఇక్కడ తేలేది ఒకటే: మదర్‌బోర్డు, జీపీయూ, ర్యామ్ ఈ లోడును మోస్తాయి. షాపతని బోర్డు సంగతి ఇక్కడితో కొట్టేశాను. మిగతాది కాచిగూడలోనే చూడాలి.

7 మే, మంగళవారం

సాయంత్రం పెద్ద వాన, ఊరంతా నీళ్లు. ప్లగ్గులన్నీ పీకేశాను. పని లేదు.

11 మే, శనివారం, కాచిగూడ

చిన్నాయన మల్టీమీటరు, టాంగ్ టెస్టరు పట్టుకుని వచ్చాడు. టీ తాగి, ఏడున్నరకు మొదలుపెట్టాం.

మెట్ల కింద మీటరు బోర్డు దగ్గర 211 వోల్టులు. గదిలో నా సాకెట్ దగ్గర, మెషీన్ ఖాళీగా ఉన్నప్పుడు 204. కూలర్, ఫ్రిజ్, మెషీన్ అన్నీ నడుస్తుంటే 4.2 ఆంపియర్లు లాగుతున్నాం, గదిలో 196. కింద బోర్డు దగ్గర మాత్రం అదే 211. అంటే 15 వోల్టులు మా ఇంటి తీగల్లోనే తప్పిపోతున్నాయి, మీటరుకూ గదికీ మధ్య. వీధిలో పడిన తగ్గుదల వేరు, ఇది వేరు.

మీటరును కనిష్ఠం పట్టుకునే మోడ్‌లో పెట్టి కూర్చున్నాం. ఫ్రిజ్ కంప్రెసర్ ఎక్కింది. ట్యూబ్‌లైటు రెప్పపాటు మసకబారింది, యూపీఎస్ లోపల టక్‌మంది, తెర నల్లబడింది. మీటరు పట్టిన అంకె 178.

ఆ టక్‌మనే చప్పుడు ఇన్నాళ్లూ వింటూనే ఉన్నాను. అది యూపీఎస్‌లోని రిలే. వోల్టేజీ బాగా తగ్గితే ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్ మార్చి పైకి లేపుతుంది. ఒక కాంటాక్టు వదిలి ఇంకో కాంటాక్టు పట్టేదాకా కొన్ని మిల్లీసెకన్లు మధ్యలో ఏమీ ఉండదు.

తర్వాత ఒక్కొక్కటే మార్చాం. యూపీఎస్ తీసి నేరుగా గోడకు పెట్టి, పూర్తి లోడు: ఫ్రిజ్ ఎక్కింది, 179కి పడింది, మెషీన్ నిలబడింది. యూపీఎస్ పెట్టి, మెషీన్ ఖాళీగా: టక్‌మంది, మెషీన్ నిలబడింది. యూపీఎస్, పూర్తి లోడు, ఫ్రిజ్ ఆఫ్: నిలబడింది. మూడూ కలిస్తే పడిపోయింది. చిన్నాయన అన్నింటినీ మళ్లీ మొదటి నుంచి చేయించాడు. ఒక్కసారి జరిగింది కథ, రెండుసార్లు జరిగింది ఫలితం అంటాడు.

ఆయన తెచ్చిన ఇంకో ఎస్ఎంపీఎస్ పెట్టాం, కొంచెం కొత్తది. టక్‌మంది. మెషీన్ నిలబడింది.

13 మే, సోమవారం

పొద్దున్నే ఓటు వేసి వచ్చాను. దేశంలో ఈవీఎంలు చేసే సంస్థలు రెండే, భారత్ ఎలక్ట్రానిక్స్, ఈసీఐఎల్. ఓటు పడ్డ బీప్ వినగానే చిన్నాయన గుర్తొచ్చాడు.

సెలవు కాబట్టి తార్నాక వెళ్లాను. ఎస్ఎంపీఎస్ ఆయనే విప్పాడు, నన్ను ముట్టుకోనివ్వలేదు. వైరు పీకేసినా లోపలి పెద్ద కెపాసిటర్లలో 300 వోల్టుల దాకా నిలిచి ఉండొచ్చు. హోల్డర్‌లో పెట్టిన బల్బు తీగలు ఆనించి ముందు ఆ చార్జ్ దించాడు, మీటరుతో సున్నా చూశాకే చెయ్యి పెట్టాడు. ఇది చదివి ఎవరైనా ఇంట్లో విప్పబోతే, వద్దు. తెలిసిన చేతికే ఇవ్వండి.

లోపల 200 వోల్టుల 680 మైక్రోఫారడ్ కెపాసిటర్లు రెండు, సిరీస్‌లో. కలిపి 340. పీఎఫ్‌సీ (పవర్ ఫ్యాక్టర్ కరెక్షన్) సర్క్యూట్ లేదు. అంటే కెపాసిటర్ మీద ఉండే వోల్టేజీ గోడ వోల్టేజీకి 1.414 రెట్లు, అంతే. గోడ పడితే అదీ పడుతుంది.

కాగితం మీద వేశాను. కెపాసిటర్ 220 వోల్టుల కిందికి వెళ్తే ఈ ఎస్ఎంపీఎస్ ఆగిపోతుందనుకుందాం. గోడలో 230 ఉంటే కెపాసిటర్ మీద 325. అక్కణ్నుంచి 220 దాకా వాడుకోగల శక్తి 9.7 జౌల్స్. మెషీన్ 400 వాట్లు లాగితే 24 మిల్లీసెకన్లు వస్తుంది. రిలే ఎంత నెమ్మదిదైనా ఇబ్బంది లేదు. గోడలో 178 ఉంటే కెపాసిటర్ మీద 252, మిగిలింది 2.6 జౌల్స్. అదే 400 వాట్లకు ఆరు మిల్లీసెకన్ల పైచిలుకు. ఏటీఎక్స్ ప్రమాణం అడిగేది 16. అదీ కెపాసిటర్లు కొత్తవైతే. అదే 178 దగ్గర మెషీన్ ఖాళీగా ఉండి 80 వాట్లే లాగితే 32 మిల్లీసెకన్లు నిలుస్తుంది.

లోడు పడితేనే ఎందుకో, సాయంత్రమే ఎందుకో, 100 వాట్లకు కడితే ఎందుకు నిలబడిందో అన్నీ ఈ నాలుగు లైన్లలో ఉన్నాయి. ఇంత ఆనందం నాకు సిమ్యులేషన్ ఫలితాలప్పుడు కూడా రాలేదు. మదర్‌బోర్డు మార్చేసుకుని ఉంటే ఈ లెక్క ఎప్పటికీ వేసేదాన్ని కాదు.

కెపాసిటర్ల వయసు గురించి చిన్నాయన చాలాసేపు చెప్పాడు. ఎలక్ట్రోలైటిక్‌లో ద్రవం ఎండిపోతుంది. పది డిగ్రీల వేడి పెరిగితే ఆయుష్షు సగమవుతుందని ఆ రంగంలో అందరూ వాడే లెక్క. 2000ల మొదటి ఏళ్లలో ప్రపంచమంతటా మదర్‌బోర్డుల మీద నాసిరకం కెపాసిటర్లు తల ఉబ్బి పగిలిపోయాయి. మావి పైకి చదునుగానే ఉన్నాయి. పైకి బాగున్నంత మాత్రాన లోపల బాగున్నట్టు కాదని, కొలిచి చెప్తానని వాటిని విప్పి పక్కన పెట్టాడు.

లేవబోతుంటే మాత్రం ఆయన ముఖం మారింది. “కంప్యూటర్ సంగతి అయిపోయింది. మీ ఇంట్ల పదిహేను వోల్టులు యాడ పోతున్నయో అది చూడు ముందు. ఆగొద్దు.”

15 మే, బుధవారం

ఓనర్ ఆంటీని ఒప్పించడానికి సమయం పట్టింది. లైట్లు వెలుగుతున్నాయి కదమ్మా, వైరింగుకేమైంది అన్నారు. కాచిగూడ స్టేషన్ భవనం 1916 నాటిది, మా వీధి ఇళ్లు అంత పాతవి కావు. కానీ పోర్షన్లుగా చీల్చినప్పుడల్లా ఒక తీగకు ఇంకో తీగ మెలిపెట్టి, టేపు చుట్టి వదిలేశారు.

ఎలక్ట్రీషియన్ వచ్చి మెట్ల కింద చెక్క బోర్డు విప్పాడు. న్యూట్రల్ కలిపిన స్క్రూ నల్లగా మాడి ఉంది, తీగ తొడుగు కరిగి బోర్డుకు అంటుకుంది. లోడు వేయించి ఆ ఒక్క కలయిక మీద కొలిస్తే 11 వోల్టులు. 4.2 ఆంపియర్లతో గుణిస్తే 46 వాట్లు. సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లతో సీసం కరిగిస్తుంది. దానికి దాదాపు రెట్టింపు వేడి ఎండిన చెక్క మీద, ప్రతి సాయంత్రం, మెట్ల కింద పాత పేపర్లు పెట్టుకునే చోట రగులుతోంది. పైన రెండు కుటుంబాలు, చిన్నపిల్లలు. దిగడానికి ఆ మెట్లు తప్ప ఇంకో దారి లేదు.

ఆంటీ ఆ స్క్రూను చూశాక ఒక్క మాట మాట్లాడలేదు. మొత్తం మార్చెయ్ బాబూ అన్నారు.

ఈ సంగతి ఇక్కడ పెద్ద అక్షరాలతో రాయాలనిపిస్తోంది. క్యాంపస్ చుట్టూ నల్లకుంట, విద్యానగర్, మాణికేశ్వర్ నగర్, తార్నాక గదుల్లో వేలమంది విద్యార్థులున్నారు. అద్దె గది, ఒకే సాకెట్, దాని మీద జంక్షన్ బాక్సు, ఇండక్షన్ స్టవ్, కూలర్, ల్యాప్‌టాప్. ట్యూబ్‌లైటు మినుకుమంటే లో వోల్టేజ్ అనుకుని ఊరుకుంటాం. లోడు వేసినప్పుడు మీటరు దగ్గరా గదిలోనా వోల్టేజీ కొలిపించుకోండి. రెండింటికీ తేడా పది దాటితే ఓనర్‌ను పిలవండి.

18 మే, శనివారం

కొత్త రాగి తీగ, కొత్త బోర్డు, ఎంసీబీ, ఎర్త్. అదే లోడుకు గదిలో 209, మీటరు దగ్గర 211. ఫ్రిజ్ ఎక్కినా 203. యూపీఎస్ ఉలకలేదు.

ఇప్పుడు పాత ఎస్ఎంపీఎస్ కూడా నడిచేదేమో, కానీ వీధిలో వోల్టేజీ పడే రోజు ఎలాగూ వస్తుంది. మధ్యాహ్నం సికింద్రాబాద్ వెళ్లి సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో కొత్తది కొన్నాను. 550 వాట్లు, యాక్టివ్ పీఎఫ్‌సీ ఉన్నది. ఇది గోడలో ఎంత ఉన్నా కెపాసిటర్ మీద 380 వోల్టుల దగ్గర నిలబెడుతుంది. వాట్ల అంకె ఒక్కటే చూసి కొనేవాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పరు.

25 మే, శనివారం

500 నానోసెకన్లు పూర్తయ్యాయి. మందు అణువు గుంటలోనే నిలిచింది. కానీ మేము అనుకున్న హైడ్రోజన్ బంధం సగం సమయం తెగే ఉంది, మేడమ్‌తో మాట్లాడాలి.

సాయంత్రం చిన్నాయన ఫోన్. కెపాసిటర్లు కొలిచాడట. 680 అని రాసి ఉన్నవి ఒకటి 410, ఇంకోటి 395. నా లెక్కలో ఆరు మిల్లీసెకన్లను నాలుగు దగ్గరికి దించి రాసుకున్నాను. మా పై పోర్షన్ వాళ్ల బోర్డు కూడా చూడాలని ఆంటీ రేపు ఎలక్ట్రీషియన్‌ను మళ్లీ పిలిచారు. చిన్నాయన మీటరు పట్టుకుని తానూ వస్తానన్నాడు.